నూకాలు ఉంగరం ఎందుకు నల్లబడింది

చోడవరం మెయిన్ రోడ్డులో ఒక వెండి కొట్టు వెనక గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చున్నాను. నా ముందు రెండు ప్లాస్టిక్ టబ్బులు, మెత్తటి బ్రష్షులు, పాత నూలు గుడ్డలు ఉండేవి. నల్లబడ్డ పట్టీలు, మట్టెలు, కడియాలు, మొలతాళ్ళు ఒక పక్క నుంచి వచ్చి తెల్లబడి ఇంకో పక్క నుంచి వెళ్ళిపోయేవి. ముందు గదిలో అమ్మేవాళ్ళను అందరూ చూస్తారు. వెనక గదిలో తోమేవాళ్ళ దగ్గరికి మాత్రం వస్తువు మనిషి ఒంటి మీద నుంచి సరాసరి వస్తుంది. అందుకే ఈ పని నాకు ఎన్నడూ విసుగు పుట్టలేదు.

ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను. కొట్లలో కొత్తగా చేరిన అమ్మాయిలు ఫోన్ చేసి, “ఆంటీ, మువ్వల సందుల్లో నలుపు పోట్లేదు, ఏటి సెయ్యాలి?” అని అడుగుతుంటారు. మా సంఘంలో ఆడవాళ్ళు ఆదివారం ఆరాధన అయ్యాక దుద్దులు తీసి చూపిస్తారు. ఒక్కొక్కరికీ కొంచెం కొంచెం చెప్పే బదులు ఒకచోట రాద్దామనిపించింది. నా జీతం ఎలా పెరిగిందో, సెలవులు ఎలా ఇచ్చేవారో ఇందులో ఉండదు. వెండి ఎందుకు నల్లబడుతుందో, ఇంట్లో దాన్ని ఎలా తెల్లబరచుకోవాలో రాస్తాను. ఆ మొదటి ప్రశ్నకు తెలియకుండానే జవాబు చెప్పి, ఒక మనిషి నోటి దగ్గర కూడు ఎలా లాగబోయానో కూడా రాస్తాను.

విభూది చేతులు

నేను చేరిన కొత్తలో మా కొట్లో వెండిని విభూదితో మెరుగు పెట్టేవారు. నగలు అతికే పెద్దాయన సింహాచలం ఆచారి గారు పొట్లం విప్పి నా ముందు పెట్టారు. నేను ముట్టుకోలేదు.

“ఏటమ్మా మార్తా, కరుస్తాదా అది?”

“మా సంఘం వాళ్ళు సూస్తే ఏటనుకుంటారో ఆచారి గారూ.”

“నుదుటికి రాసుకోమని ఎవులన్నారే? గుడ్డకి రాయి. నీ మతం దానికి అక్కర్నేదు. మెత్తగా ఉంటాది, గీత పడనివ్వదు, అంతే.”

ఆ ఆదివారం నా గోళ్ళ సందుల్లో తెల్లపొడి చూసి మా సంఘ పెద్ద ఒకాయన, “ఏటి సిస్టర్, కోవెల నుంచి సరాసరి ఇక్కడికేనా?” అన్నారు. “మీ మనవరాలి పట్టీలు తోమిన సెయ్యండి ఇది” అన్నాను. ఆయన నవ్వేశారు. తర్వాత నెలకోసారి వాళ్ళింటి వెండంతా నా దగ్గరికే పంపేవారు.

ఆచారి గారు చెప్పింది ఇంట్లో తోముకునే ప్రతివాళ్ళకూ పనికొస్తుంది. పొడిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి. గరగర తగిలితే అది వెండికి పనికిరాదు. పొయ్యి బూడిద, పళ్ళపొడి, గిన్నెలు తోమే పీచు తళతళలాడిస్తాయి గానీ సన్నటి గీతలు పెడతాయి. ఆ గీతల్లో మురికి చేరి, వెండి ఇంకా తొందరగా నల్లబడుతుంది.

ఇంట్లో చేసుకునే పద్ధతి

ముందు చెమట, నూనె, పసుపు, పౌడరు పోవాలి. గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసం కలిపి, పది నిమిషాలు నానబెట్టి, చిన్నపిల్లల బ్రష్షుతో మెల్లగా రుద్దండి. సగం వస్తువులకు ఇదే చాలు. నలుపు అనుకున్నది చాలాసార్లు మురికే.

అసలైన నలుపు అలా పోదు. దానికి ఒక పద్ధతి మా కొట్టుకు వచ్చే హైస్కూలు సైన్సు టీచరమ్మ చెప్పింది. పింగాణీ గిన్నె అడుగున చపాతీలు చుట్టే అల్యూమినియం కాగితం పరచండి. వెండి ఆ కాగితానికి తగిలేలా పెట్టండి. తగలకపోతే పని జరగదు. చెంచాడు వంటసోడా, చిటికెడు ఉప్పు చల్లి బాగా కాగిన నీళ్ళు పోయండి. కొద్ది నిమిషాల్లో నలుపు విడిపోతుంది. వెండిని నల్లబరిచినదాన్ని ఆ కాగితం తన వైపు లాక్కుంటుందట. తోమినప్పుడు ఎంతో కొంత వెండి అరుగుతుంది. ఇందులో అరగదు. ఆ నీళ్ళకు ఒక వాసన వస్తుంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

తీశాక మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో అద్ది, ఆరనివ్వండి. బోలు పట్టీలైతే చెవి దగ్గర పెట్టి ఊపి చూడండి. లోపల నీళ్ళుంటే తెలుస్తుంది. ముత్యాలు, పగడాలు, జిగురుతో అతికించిన రాళ్ళు ఉన్నవి ఆ వేడినీళ్ళలో వేయొద్దు. కొట్లో వాడే యాసిడ్ మీ ఇంటి గడప తొక్కనివ్వొద్దు.

కావాలనే నల్లరంగు పట్టించిన నగలూ ఉంటాయి. పువ్వుల సందుల్లో నలుపు ఉంటేనే వాటికి అందం. ఒకసారి కాలేజీ అమ్మాయి జుంకాలు బిగించడానికి ఇచ్చి వెళితే, నేను ఉత్సాహం కొద్దీ పాలలా తెల్లగా చేసి పెట్టాను. ఆ అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. “ఆంటీ, ఆ నలుపు కోసమే కదా కొన్నాను! ఏటి సేసేసేరిది!” అంది. ఆచారి గారు గంధకం కలిపిన నీళ్ళలో ముంచి వాటిని మళ్ళీ నల్లబరిచి ఇచ్చారు. వెండిని నల్లబరిచేది గంధకమని ఆ రోజే కళ్ళారా చూశాను. చూశాను గానీ, దాని గురించి ఆలోచించలేదు.

ఒంట్లో విషం

వెండి కొట్లో రోజూ వినపడే ఫిర్యాదు ఒకటుంది. “కొని రెండు నెల్లు కానేదు, మసిబారిపోనాయి. ఇది ఎండేనా?”

మా షావుకారు గారు మంచాయనే. పండగకు బట్టలు పెట్టేవారు, జబ్బు చేస్తే ఆటో పిలిచి పంపేవారు. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది. కళ్ళజోడు పైకెత్తి ఆ మనిషిని జాలిగా చూసి, “ఎండి మంచిదేనమ్మా. ఒంట్లో విషం ఉంటే ఎండి లాగేస్తాది. ఓసారి డాక్టరుకి సూపించుకో” అనేవారు. అంతే, ఆ మనిషి కొట్టును మరిచిపోయి తన కడుపునో రక్తాన్నో తలుచుకుంటూ వెళ్ళిపోయేది.

విని విని నేనూ నేర్చుకున్నాను. ఆయనకంటే బాగా చెప్పేదాన్ని. వస్తువును వెలుతురులో తిప్పి, కాసేపు ఊరుకుని అప్పుడు చెప్పేదాన్ని. ఇవాళ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆ మాట వైద్యం కాదు. వెండి మీదికి రావలసిన అనుమానాన్ని మనిషి ఒంటి మీదికి నెట్టే మాట. కొన్నిసార్లు తప్పు వెండిదే. రాగి ఎక్కువ కలిస్తే తొందరగా నల్లబడుతుంది. అప్పుడు ఆ మాటే చెప్పాలి. కొట్లో కూర్చుని మేం అది చెప్పేవాళ్ళం కాదు.

నూకాలు

నూకాలుది రావికమతం దగ్గర ఒక పల్లె. అక్కడి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. నలభై దాటిన మనిషి. కుడిచేతికి వెడల్పాటి వెండి ఉంగరం ఉండేది. దాన్ని తోమించడానికి నెలనెలా వచ్చేది.

“మార్తమ్మ గారూ, మళ్ళీ మసిబారిపోనాదండి. మీ సేతిలో ఏటుందో గానీ నా సేతిలో మసుందండి” అని నవ్వేది.

ఒకరోజు ఉంగరం మరీ నల్లగా వచ్చింది. దాన్ని వెలుతురులో తిప్పాను. కాసేపు ఊరుకున్నాను. “నూకాలూ, నీ ఒంట్లో ఏదో ఉంది. సూపించుకో” అన్నాను.

“నాకేటి నేదండి. బాగానే తింటన్నాను, బాగానే సేస్తన్నాను.”

“లోపలున్నది మనకి తెలుస్తాదేటి?”

ఆమె నవ్వు ఆగిపోయింది. ఉంగరం తీసుకుని వెళ్ళిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. మా సంఘంలో బుధవారాలు స్త్రీల కూడిక ఉంటుంది. పాటలయ్యాక ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెప్తారు. ఆ వారం నేను లేచాను. “మన హృదయంలో దాచుకున్న పాపం ఏదో రోజు బయటపడుతుంది” అని మొదలుపెట్టి, బడిలో వంట చేసే ఒక అమ్మ ఉంగరం గురించి చెప్పాను. వేలు పైకి తెల్లగానే ఉంది, లోపలున్న రోగాన్ని వెండి పట్టేసింది, దేవుని ముందు మనం కూడా అంతే అన్నాను. పేరు చెప్పలేదు. నా సాక్ష్యానికి అన్ని స్తోత్రాలు, అన్ని ఆమెన్లు ఎన్నడూ రాలేదు. కడుపు నిండినట్టయి ఇంటికి వెళ్ళాను.

కూడికలో సలోమి అనే ఆవిడ ఉంది. ఆమెదీ నూకాలు వాళ్ళ ఊరే. ఆమె చెడ్డది కాదు. భయపడింది. ఆమె మనవలు ఆ బడిలోనే తింటారు. ఇంటికి వెళ్ళి కోడలికి చెప్పింది.

పది రోజులకు నూకాలు వచ్చి వెనక గది గుమ్మంలో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“నా గురించి ఏటి సెప్పేరండి మీ పార్థనలో?”

“నీ పేరు సెప్పనేదు నూకాలూ.”

“పేరెందుకండి? బడిలో వంట సేసి, నల్ల ఉంగరం ఎట్టుకున్నవోళ్ళు మా వైపు ఎంతమందున్నారు?”

మిగతాది కూడా నిలబడే చెప్పింది. రోగిష్టి చేతి కూడు మా పిల్లలు తినరని ఊళ్ళో వాళ్ళు గొడవ చేశారట. సంగతి తేలేదాకా ఇంటి దగ్గర ఉండమని హెడ్మాస్టరమ్మ చెప్పిందట. సోమవారం తల్లిదండ్రుల మీటింగు పెట్టి, ఆమె స్థానంలో ఇంకొకరిని పెట్టుకుంటారట.

“రక్తపరీక్ష సేయించేను. ఏటీ నేదని డాక్టరు రాసిచ్చేరు. కాయితం సూపిస్తే ఏటన్నారో తెలుసా? ‘డాక్టరుకి తెలీనిది ఎండికి తెలుస్తాది, కొట్లో ఆవిడే సెప్పింది’ అన్నారు.” ఉంగరం తీసి నా టబ్బు పక్కన పెట్టింది. “ఇది మీరే ఉంచండి. నా ఏలికి ఉన్నంతకాలం నేను రోగిష్టిదాన్నే.”

వాసన

పొరుగువాళ్ళ మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞ సండే స్కూల్లో నేనే పిల్లలకు కంఠతా పట్టించాను. ఆ శనివారం సాయంత్రం ప్రార్థనకు మోకరిస్తే ఆ ఆజ్ఞే నోటికొచ్చింది. లేచి, ఉంగరం చేతిలోకి తీసుకున్నాను. అన్నేళ్ళలో మొదటిసారి, చెప్పడానికి కాక తెలుసుకోవడానికి ఒక నల్ల ఉంగరాన్ని చూశాను.

గుమ్మంలో నిలబడ్డ నూకాలు కాళ్ళు గుర్తొచ్చాయి. ఆమె పట్టీలు తెల్లగా ఉన్నాయి. ఒంట్లో విషమే అయితే కుడిచేతి వేలి దగ్గరే ఎందుకు ఆగింది? కాళ్ళకు దారి తెలియలేదా? ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆ ఏడాది మే నెలలో ఆమె రాలేదు. తర్వాత అడిగితే, “తెల్లగానే ఉందండి, అందుకే రానేదు” అంది. వేసవి సెలవులు తీసుకునే రోగం ఏముంటుంది?

బడిలో ఏదో ఉందనిపించింది. పొయ్యి మసా? చింతపండా? ఉల్లిపాయా? ఏదీ తేలక, సరే ముందు తెల్లబరుద్దామని గిన్నెలో కాగితం పరిచి, ఉంగరం పెట్టి, సోడా చల్లి, కాగిన నీళ్ళు పోశాను. ఆవిరి ముఖాన కొట్టింది. ఎప్పుడూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఆ రోజు పెట్టుకోలేదు.

ఉడికిన కోడిగుడ్డు ఒలిచినప్పటి వాసన!

ఎన్నేళ్ళుగా ఆ వాసన చూస్తున్నానో లెక్కలేదు. నలుపు ఎక్కడి నుంచి వచ్చిందో అది నాకు చెప్తూనే ఉంది. వెంటనే సైన్సు టీచరమ్మకు ఫోన్ చేశాను. “గుడ్డులో గంధకం ఉంటుంది మార్తమ్మా. అదే వెండిని పడుతుంది” అంది. నూకాలు పని గుర్తొచ్చింది. వారంలో ఐదు రోజులు, వంద మందికి పైగా పిల్లలకు, వేడి వేడి గుడ్లు కుడిచేత్తో ఒలుస్తుంది.

ఇంకొకరి మాట పట్టుకుని మళ్ళీ సాక్ష్యం చెప్పే ధైర్యం లేకపోయింది. ఆదివారం ఉదయం గుడ్డు ఉడికించి, చిదిమి, టిఫిన్ డబ్బాలో వేసి, నా వెండి గొలుసును ఒక మామూలు కాగితం మీద దాని పక్కన పెట్టి మూత బిగించాను. ఆరాధనలో పాటలు పాడుతున్నా మనసంతా డబ్బా మీదే ఉంది. ప్రభువు క్షమించాలి. తిరిగొచ్చి మూత తీస్తే గొలుసు గోధుమరంగు దాటి నల్లగా ఉంది. సిగ్గుపడవలసిన దాన్ని, ఆ క్షణం ఆశ్చర్యంతో చప్పట్లు కొట్టాను. సిగ్గు ఆ తర్వాత వచ్చింది.

పెద్దావిడ కడియం

సోమవారం ఉదయమే షేర్ ఆటోలో వెళ్ళాను. బడి వరండాలో తల్లిదండ్రులు కూర్చున్నారు. నూకాలు గేటు బయటే నిలబడింది. హెడ్మాస్టరమ్మ అనుమతి తీసుకుని, ఆ రోగం మాట చెప్పింది నేనే, అది తప్పు అన్నాను. ముందు వరసలో ఒక పెద్దావిడ లేచింది.

“నువ్వేనేటి రోగం ఉందన్నదానివి? ఇప్పుడు నేదంతన్నావా? నీ ఏ మాట నమ్మాల మేము?”

“రెండూ నమ్మొద్దమ్మా. మీ సేతి కడియం నాకివ్వండి. భోజనం గంట కొట్టేలోపు మీకే ఇచ్చేస్తాను.”

“నా కడియం ఎందుకు?”

“నా వస్తువైతే మంత్రం ఏసేనంతారు.”

నలుగురూ నవ్వారు. ఆమె మూతి ముడుచుకుని కడియం తీసి ఇచ్చింది. తెల్లగా మెరుస్తోంది. నూకాలు బదులు వండుతున్న ఆవిడను అడిగి, పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన గుడ్డు ఒకటి తెచ్చి, అందరి ముందూ ఒలిచి, చిదిమి, కడియంతో పాటు డబ్బాలో పెట్టాను. డబ్బా పెద్దావిడ ఒళ్ళోనే పెట్టి, ఎవరికీ ఇవ్వొద్దన్నాను. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మధ్యమధ్య చెవి దగ్గర పెట్టుకుని విన్నది కూడా.

ఆ రెండు మూడు గంటలూ నా జీవితంలో పొడవైనవి. ఇంట్లో నల్లబడింది ఇక్కడ నల్లబడకపోతే? లోపల ప్రార్థిస్తూనే ఉన్నాను. గేటు వైపు చూడలేకపోయాను.

గంట కొట్టారు. పెద్దావిడ మూత తీసింది. లోపలికి తొంగి చూసి ముఖం వెనక్కి లాక్కుంది.

“ఓలమ్మో! నాకూ రోగమేనేటే!”

వరండా అంతా ఒక్కసారి నవ్వింది. కడియం చేతులు మారుతూ వెనక వరస దాకా వెళ్ళింది. ఒకాయన వాసన చూశాడు. ఒకామె తన ఉంగరం చూసుకుంది. హెడ్మాస్టరమ్మ గేటు దగ్గరికి నడిచి వెళ్ళి, “నూకాలూ, పిల్లలు కూర్చున్నారు. వచ్చి వడ్డించు” అంది.

నూకాలు లోపలికి వచ్చి చేతులు కడుక్కుంది. నేను ఎదురు వెళ్ళి, క్షమించమని అడిగి, తెల్లబరిచిన ఉంగరం ఇచ్చాను. తీసుకుంది గానీ క్షమించానని అనలేదు.

“ఈ మాట మీ బుధవారం పార్థనలో కూడా సెప్తారా?” అంది.

బుధవారం

చెప్పాను. అదే చోట, అదే సలోమి ముందు నిలబడి చెప్పాను. ఉంగరం మీది నలుపు ఆమె కష్టానిది, పాపం నా నోటిది అన్నాను. ఒక్క స్తోత్రం రాలేదు. రావాలని నాకూ అనిపించలేదు. కూడిక అయ్యాక సలోమి నా పక్కకు వచ్చి, “నేనూ ఎల్లి ఆవిడ్ని మన్నించమని అడగాలి కదా అక్కా” అంది. ఇద్దరం కలిసే వెళ్ళాం.

ఇక ఆ విషం మాట అనను అని షావుకారు గారికి చెప్పాను. “అయితే ఎండి ఎందుకు నల్లబడిందని జనం కొట్టు మీద పడితే?” అన్నారు. “వాళ్ళనే అడుగుతానండి” అన్నాను. కొన్నాళ్ళు ముఖం మాడ్చుకున్నారు గానీ నన్ను తీసెయ్యలేదు.

ఆ రోజు నుంచి ఎవరు నల్లబడ్డ వస్తువు తెచ్చినా ఒకటే అడిగేదాన్ని: “మీ చేతులు రోజూ ఏ పని చేస్తాయి?” ఎన్ని సంగతులు తెలిశాయో! జుట్టుకు రంగు వేసే ఆవిడ, గజ్జికి గంధకం మందు రాసుకున్న తల్లి, గోవాడ వైపు బెల్లం వండే చోట రంగు తేలడానికి పొడి కలిపే మనిషి, పట్టీలకు రబ్బరు బ్యాండు చుట్టి బీరువాలో దాచుకున్న ఒక టీచరమ్మ. దాదాపు అన్నిటి వెనకా గంధకమే. రోగమనుకుని వచ్చినవాళ్ళు తమ పని తామే చెప్పుకుని తేలికపడి వెళ్ళేవారు. వెండిని పుటం పెట్టేవాడు దాని ముందు కూర్చుని ఉంటాడని లేఖనాల్లో చదువుకున్నాను. ఎందుకు కూర్చుంటాడో అప్పుడు అర్థమైంది. చూడటానికి. నేను అన్నేళ్ళు కూర్చున్నాను గానీ చూసింది ఆ తర్వాతే.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన అమ్మాయిలకు నేను చెప్పేది అదే. సోడా, కాగితం, కుంకుడు రసం ఎవరైనా నేర్పుతారు. తెచ్చిన మనిషి ఏ పని చేస్తుందో మాత్రం మీరే అడగాలి.

నేను పని మానేసే వారంలో నూకాలు వచ్చింది. ఉంగరం మామూలుగానే నల్లగా ఉంది. గుడ్లు ఒలిచేటప్పుడు తీసి పక్కన పెట్టుకోవచ్చు కదా అన్నాను. తలూపింది గానీ తియ్యదని నాకు తెలుసు. నేను టబ్బు ముందు వంగి ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి రుద్దుతుంటే, పక్కనే నిలబడి చూస్తోంది.

“మార్తమ్మ గారూ, ఇక సాలండి. మరీ తెల్లగా తోమెయ్యకండి.”

“అదేటి నూకాలూ?”

“తెల్లగా ఉంటే మా బడి పిల్లలు ఊరుకోట్లేదండి. ‘అమ్మా, ఇవాళ గుడ్డు నేదా?’ అని అడుగుతన్నారు.”